డేటా ఫైళ్లను చదివే ఎక్సెల్ మాక్రోలలో కంపైల్ దోషాలు: నిర్ధారణ, సవరణ

వ్యవసాయ పరిశోధనా స్థానాలలోను, కృషి విజ్ఞాన కేంద్రాలలోను సేకరించే వర్షపాతం, ఉష్ణోగ్రత, దిగుబడి, భూసార పరీక్షల వివరాలు నేడు చాలావరకు టెక్స్ట్ ఫైళ్లుగానో, సి.ఎస్.వి. ఫైళ్లుగానో నిల్వ అవుతున్నాయి. వాటిని చదివి వారపు సగటులు, వర్షపు రోజుల సంఖ్య, బెట్ట కాలాల నిడివి వంటివి లెక్కించడానికి పలువురు ఎక్సెల్‌లో అంతర్భాగమైన వి.బి.ఏ. భాషలో వ్రాసిన మాక్రోలను వాడుతున్నారు. ఇటువంటి మాక్రోను సాధారణంగా ఒక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథం కోసం వ్రాసుకుంటాడు. అతడు చదువు ముగించి వెళ్లిన తరువాత కూడా అది ఆ విభాగంలో ఏళ్ల తరబడి వాడుకలో ఉంటుంది. కంప్యూటరు మారిన రోజున అదే మాక్రో ఒక దోష సందేశం చూపి ఆగిపోతుంది.

గ్రామీణ కృషి మౌసం సేవ కింద మంగళ, శుక్రవారాలలో వెలువరించే వాతావరణ ఆధారిత సలహాల వంటి గడువు గల పనిలో ఈ అవాంతరం ఏర్పడితే, ఆ సందేశాన్ని ఎలాగైనా వదిలించుకోవాలన్న తొందర కలగడం సహజం. అసలు నష్టం ఆ తొందరలోనే ఉంది. సందేశం తొలగిపోయినా తప్పు మిగిలిపోవచ్చు. అప్పుడు తప్పు లెక్క మీద ఆధారపడిన సలహా రైతుకు చేరుతుంది. ఫైలు చదివే మాక్రోలలో తరచుగా ఎదురయ్యే కంపైల్ దోషాలు, వాటి కారణాలు, సవరణ పద్ధతులు, సవరించిన తరువాత తప్పక చేయవలసిన పరీక్షలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

మూడు దశలు – మూడు రకాల దోషాలు

మాక్రో ఫలితం ఇచ్చేలోగా మూడు దశలలో తప్పు దొర్లడానికి అవకాశం ఉంది. మొదటిది కంపైల్ దశ. ఈ దశలో వి.బి.ఏ. మాక్రోలోని వాక్యాలను మాత్రమే పరిశీలిస్తుంది. వాక్య నిర్మాణం సరిగా ఉన్నదా, వాడిన పేర్లన్నీ తనకు తెలిసినవేనా అని చూస్తుంది. డేటా ఫైలును ఇంకా తెరవదు. కనుక కంపైల్ దోషం వచ్చినపుడు కారణం కోసం డేటా ఫైలును వెదకడం వృథా ప్రయాస.

రెండవది అమలు దశ. మాక్రో ఫైలును తెరచి చదువుతూ మధ్యలో ఆగినపుడు ఒక సంఖ్యతో కూడిన సందేశం కనిపిస్తుంది. ఫైలు ఉన్న చోటు, దాని స్థితి, అందులోని విలువలు ఇక్కడ పరిశీలించవలసిన అంశాలు. మూడవ దశలో ఏ సందేశమూ రాదు. మాక్రో చివరివరకు నడుస్తుంది, ఫలితం కూడా ఇస్తుంది. అయితే ఆ ఫలితం తప్పు. ఈ మూడింటిలో కంపైల్ దోషం అన్నిటికంటె తక్కువ హాని చేసేది. అది తప్పును ముందుగానే చూపి, ఫలితం వెలువడకుండా ఆపుతుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. వి.బి.ఏ.లో “కంపైల్ ఆన్ డిమాండ్” అనే ఏర్పాటు మొదటి నుండి అమలులో ఉంటుంది. దీనివల్ల మాక్రోలోని ఏ భాగం అవసరమైతే ఆ భాగమే కంపైల్ అవుతుంది. ఖరీఫ్ అంతా బాగా నడిచిన మాక్రో, రబీ లెక్కలకు సంబంధించిన భాగాన్ని తొలిసారి పిలిచినపుడు దోషం చూపడానికి ఇదే కారణం. ఆల్ట్, ఎఫ్-11 మీటలను కలిపి నొక్కి వి.బి.ఏ. ఎడిటరును తెరచి, “డీబగ్” మెనూలోని మొదటి అంశమైన “కంపైల్” ను ఎంచుకుంటే మాక్రో మొత్తం ఒకేసారి పరిశీలనకు వస్తుంది. ఒక దోషం చూపి ఆగితే, దాన్ని సవరించి మళ్లీ అదే అంశాన్ని ఎంచుకోవాలి. దోషాలేవీ మిగలనపుడు ఆ అంశం మసకబారి, నొక్కడానికి వీలు లేకుండా ఉంటుంది. కొత్త కంప్యూటరులో పాత మాక్రోను నడిపే ముందు ఈ పరీక్ష చేయడం మంచిది.

తరచుగా ఎదురయ్యే కంపైల్ దోషాలు

1. ప్రకటించని చలరాశి: “వేరియబుల్ నాట్ డిఫైన్డ్” అనే సందేశం ప్రకటించని పేరు ఒకటి మాక్రోలో ఉందని తెలుపుతుంది. అధిక సందర్భాలలో ఇది అక్షర దోషం. వర్షపాతానికి “రెయిన్‌ఫాల్” అనే చలరాశిని ప్రకటించి, కూడిక చేసే వాక్యంలో చివరి అక్షరం ఒకటి వదిలివేస్తే ఈ సందేశం వస్తుంది. అయితే మాడ్యూలు మొదటి వరుసలో “ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్” అని ఉంటేనే ఈ తనిఖీ జరుగుతుంది. ఆ వరుస లేనపుడు వి.బి.ఏ. తప్పు పేరును కొత్త చలరాశిగా స్వీకరించి, దాని విలువను సున్నాగా భావిస్తుంది. వాన కురిసిన నెలకు కూడా మొత్తం వర్షపాతం సున్నా అని వస్తుంది. దోషం కనిపించగానే “ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్” వరుసను చెరిపివేయడం కొందరికి అలవాటు. అది తూకం తప్పని చెప్పిన త్రాసును పారవేయడం వంటిది. “టూల్స్” మెనూలోని “ఆప్షన్స్” లో “రిక్వైర్ వేరియబుల్ డిక్లరేషన్” ను ఎంచుకుంటే ఇకపై చేర్చే ప్రతి మాడ్యూలులోను ఆ వరుస దానంతట అదే చేరుతుంది. పాత మాడ్యూళ్లలో మాత్రం దాన్ని చేతితో వ్రాయాలి.

2. జతపడని లైబ్రరీ: ఫైళ్లను చదవడానికి “ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్”, “టెక్స్ట్‌స్ట్రీమ్” అనే రకాలను వాడిన మాక్రోలలో “యూజర్-డిఫైన్డ్ టైప్ నాట్ డిఫైన్డ్” అనే సందేశం తరచుగా వస్తుంది. ఈ రకాలు వి.బి.ఏ.లో స్వతహాగా లేవు. “మైక్రోసాఫ్ట్ స్క్రిప్టింగ్ రన్‌టైమ్” అనే లైబ్రరీలో ఉన్నాయి. “టూల్స్” మెనూలోని “రిఫరెన్సెస్” జాబితాలో ఆ లైబ్రరీ ఎదుట టిక్కు పెడితే దోషం తొలగుతుంది. మాక్రోను వర్క్‌బుక్ నుండి కాక టెక్స్ట్‌గా నకలు చేసి తెచ్చుకున్నపుడు ఈ టిక్కు వెంట రాదు.

రెండవ మార్గం చలరాశిని “ఆబ్జెక్ట్” రకంగా ప్రకటించి, “క్రియేట్‌ఆబ్జెక్ట్” ద్వారా అమలు సమయంలో ఆ వస్తువును సృష్టించడం. పలు కంప్యూటర్లకు పంచవలసిన మాక్రోకు ఇది అనుకూలం. అయితే లైబ్రరీ జతలేనందున “ఫర్‌రీడింగ్” వంటి స్థిరాంకాల పేర్లు వి.బి.ఏ.కు తెలియవు. మొదటి దోషం పోయి “వేరియబుల్ నాట్ డిఫైన్డ్” అనే మరో దోషం వస్తుంది. ఆ పేరుకు బదులు దాని విలువ అయిన 1ని వ్రాస్తే సరిపోతుంది. వ్రాయడానికి 2, చివర చేర్చడానికి 8 విలువలుగా ఉన్నాయి.

3. కనిపించకుండా పోయిన లైబ్రరీ: “కాంట్ ఫైండ్ ప్రాజెక్ట్ ఆర్ లైబ్రరీ” అనే సందేశం చాలామందిని తికమక పెడుతుంది. ఇది వచ్చినపుడు ఎడిటరు “డేట్”, “లెఫ్ట్”, “ట్రిమ్” వంటి సాధారణ ఫంక్షన్ల మీద రంగు వేసి చూపుతుంది. ఆ ఫంక్షన్‌లో తప్పేమీ ఉండదు. ఆకు పసుపు రంగుకు మారినంత మాత్రాన తెగులు ఆకులోనే ఉందని నిర్ధారించకుండా నేలను, వేరును కూడా చూసినట్లే ఇక్కడ “రిఫరెన్సెస్” జాబితాను చూడాలి. అందులో ఏదో ఒక లైబ్రరీ పేరుకు ముందు “మిస్సింగ్” అన్న మాట కనిపిస్తుంది. కొత్త ఆఫీసు వెర్షన్‌లో భద్రపరచిన వర్క్‌బుక్‌ను పాత వెర్షన్‌లో తెరచినపుడు ఈ స్థితి ఏర్పడవచ్చు. ఆ లైబ్రరీ అవసరం లేకపోతే టిక్కు తీసివేయాలి. అవసరమైతే ఆ కంప్యూటరులో ఉన్న వెర్షన్‌ను జతపరచాలి.

4. 64 బిట్ల ఆఫీసు: పాత మాక్రోలు ఫైలు ఎంపిక పెట్టెను చూపడానికి విండోస్ ఫంక్షన్లను “డిక్లేర్” వాక్యాలతో నేరుగా పిలిచేవి. ఆఫీసు 2010తో 64 బిట్ల వెర్షన్ మొదలైంది. ఆఫీసు 2019 నుండి ప్రత్యేకంగా కోరకపోతే 64 బిట్ల వెర్షనే స్థాపితమవుతుంది. అందువల్ల కంప్యూటరు మార్చగానే “ఈ ప్రాజెక్టులోని కోడ్‌ను 64 బిట్ల వ్యవస్థకు అనుగుణంగా మార్చాలి, డిక్లేర్ వాక్యాలను పరిశీలించి పీటీఆర్‌సేఫ్ గుర్తు చేర్చాలి” అన్న భావం గల సందేశం వస్తుంది.

ఈ సందేశంలో రెండు పనులు చెప్పబడ్డాయి: పరిశీలించడం, గుర్తు చేర్చడం. చాలామంది రెండవ పని మాత్రమే చేస్తారు. “డిక్లేర్” పక్కన “పీటీఆర్‌సేఫ్” అని చేర్చగానే కంపైల్ దోషం పోతుంది. కాని ఆ వాక్యంలో జ్ఞాపక స్థానాల చిరునామాలను ఉంచే చలరాశులు “లాంగ్” రకంగానే ఉంటే, 8 బైట్ల చిరునామాను 4 బైట్లలో ఇరికించినట్లవుతుంది. ఎక్సెల్ హఠాత్తుగా మూతపడవచ్చు. అటువంటి చలరాశులను “లాంగ్‌పీటీఆర్” రకానికి మార్చాలి. ఫైలును ఎంచుకోవడమే ఉద్దేశం అయితే “డిక్లేర్” వాక్యాలను పూర్తిగా తొలగించి, ఎక్సెల్‌లోనే ఉన్న “గెట్‌ఓపెన్‌ఫైల్‌నేమ్” ను వాడడం సులభమైన, సురక్షితమైన మార్గం.

5. ముగింపు లేని షరతు: ఫైలు చివరివరకు చదివే “డూ – లూప్” వలయంలో, లోపించిన విలువను గుర్తించడానికి ఒక “ఇఫ్” షరతును చేర్చి “ఎండ్ ఇఫ్” వ్రాయడం మరచిపోతే వచ్చే సందేశం “లూప్ వితవుట్ డూ”. వలయం ఆరంభంలో “డూ” స్పష్టంగా కనిపిస్తున్నా అది లేదని సందేశం చెబుతుంది. లోపలి షరతు ముగియనందువల్ల “లూప్” అనే మాట ఆ షరతుకు చెందినట్లుగా వి.బి.ఏ. భావిస్తుంది. “నెక్స్ట్ వితవుట్ ఫర్” అనే సందేశానికి కూడా తరచుగా ఇదే కారణం. ప్రతి వలయంలోని వాక్యాలను, ప్రతి షరతులోని వాక్యాలను కొంత లోపలికి జరిపి వ్రాసే అలవాటు ఉంటే లోపించిన ముగింపు కంటికి ఆనుతుంది.

6. ఒకే వరుసలో రెండు చలరాశులు: గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలకు రెండు పేర్లను కామాతో వేరుచేసి, చివర ఒక్కసారి “యాజ్ డబుల్” అని ప్రకటించడం సాధారణంగా కనిపించే పద్ధతి. వి.బి.ఏ.లో ఆ రకం రెండవ పేరుకు మాత్రమే వర్తిస్తుంది; మొదటిది “వేరియంట్” రకంగా ఉండిపోతుంది. ఆ మొదటి చలరాశిని “డబుల్” రకాన్ని కోరే మరో ప్రొసీజరుకు పంపినపుడు “బైరెఫ్ ఆర్గ్యుమెంట్ టైప్ మిస్‌మ్యాచ్” అనే దోషం వస్తుంది. ప్రతి పేరుకు విడిగా రకాన్ని వ్రాయడమే దీనికి సవరణ.

7. నకలు చేసిన కోడ్: పాఠ్యాంశాల నోట్సు నుండో, వర్డ్ ఫైలు నుండో కోడ్‌ను నకలు చేసినపుడు నిలువు కొటేషన్ గుర్తులకు బదులు వంపు గుర్తులు వచ్చి వాక్య నిర్మాణ దోషం కలుగుతుంది. ఒకే ప్రొసీజరును రెండుసార్లు అతికిస్తే “యాంబిగ్యుయస్ నేమ్ డిటెక్టెడ్” అని వస్తుంది. వి.బి.ఏ. ఎడిటరు యూనికోడ్‌కు అనుగుణంగా రూపొందినది కాదు కనుక కోడ్‌లో అతికించిన తెలుగు పదాలు ప్రశ్నార్థకాలుగా మారతాయి. గ్రామాల తెలుగు పేర్లు అవసరమైతే వాటిని షీటులోని గళ్లలో ఉంచి అక్కడి నుండి చదవాలి. ఫైలు పేరును మాత్రం ఇంగ్లీషు అక్షరాలలో ఉంచుకోవడం మేలు.

అమలు దశలో ఆగే దోషాలు

కంపైల్ పరీక్ష నెగ్గిన మాక్రో ఫైలు వద్ద ఆగితే సందేశంలోని సంఖ్య కారణాన్ని సూచిస్తుంది. 53 అంటే ఆ పేరుతో ఫైలు లేదు. 76 అంటే చెప్పిన ఫోల్డరు మార్గం లేదు. పాత కంప్యూటరులోని ఫోల్డరు మార్గాన్ని కోడ్‌లో స్థిరంగా వ్రాయడం ఈ రెండింటికి ప్రధాన కారణం. 55 అంటే ఫైలు అప్పటికే తెరచి ఉంది. గత ప్రయత్నంలో ఆగిన మాక్రో దాన్ని మూయలేదు. 62 అంటే ఫైలు ముగిసినా చదవబోయింది. 13 అంటే సంఖ్య ఉండవలసిన చోట అక్షరాలు ఉన్నాయి.

6 అనే సంఖ్య పరిమితి మించిన విలువను సూచిస్తుంది. “ఇంటిజర్” రకంలో 32,767 వరకే ఇముడుతుంది. 1901 జనవరి 1 నుండి మొదలైన దైనందిన వర్షపాత ఫైలును “ఇంటిజర్” లెక్కింపుతో చదివితే 32,768వ వరుస అయిన 1990 సెప్టెంబరు 18 వద్ద మాక్రో ఆగుతుంది. పదేళ్ల ఫైలుతో పరీక్షించినంత కాలం ఈ లోపం బయటపడదు. వరుసల లెక్కకు ఎల్లప్పుడు “లాంగ్” రకాన్నే వాడాలి.

ఫైలును తెరిచే వాక్యంలో “ఇన్‌పుట్” కు బదులు “అవుట్‌పుట్” అని వ్రాస్తే వాక్య నిర్మాణంలో తప్పేమీ లేదు కనుక కంపైల్ దోషం రాదు. కాని ఆ క్షణంలోనే ఫైలులోని వివరాలన్నీ చెరిగిపోతాయి. అందువల్ల మాక్రోను మూల ఫైలు మీద కాక ఎప్పుడూ దాని నకలు మీదనే నడపాలి.

సందేశం రాని తప్పులు

లోపించిన విలువలు: వాతావరణ ఫైళ్లలో నమోదు కాని రోజును −99 లేదా −999 వంటి అంకెతో సూచించడం ఆనవాయితీ. పంట నమూనా అయిన డి.ఎస్.ఎస్.ఏ.టి. ఫైళ్లలో −99ని వాడతారు. మాక్రో ఈ అంకెను విలువగా తీసుకుంటే ఏమి జరుగుతుందో ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. 30 రోజుల నెలలో 29 రోజులు గరిష్ఠ ఉష్ణోగ్రత 34 డిగ్రీల సెల్సియస్ అని, ఒక రోజు నమోదు లేదని అనుకుందాం. లోపించిన రోజు −999 అయితే సగటు −0.4 డిగ్రీలు వస్తుంది. చూసినవారెవరైనా తప్పును పసిగడతారు. −99 అయితే సగటు 29.6 డిగ్రీలు వస్తుంది. అది నమ్మదగిన అంకెగానే కనిపిస్తుంది. 4.4 డిగ్రీల లోపం ఏ సందేహానికీ తావు ఇవ్వకుండా పట్టికలోకి చేరిపోతుంది.

సంఖ్యగా మార్చే ఫంక్షన్: అక్షర రూపంలోని విలువను సంఖ్యగా మార్చడానికి వి.బి.ఏ.లో “వాల్”, “సి.డి.బి.ఎల్.” అనే రెండు ఫంక్షన్లను ఎక్కువగా వాడతారు. “వాల్” ఎన్నడూ ఫిర్యాదు చేయదు. “ఎన్.ఏ.” అని వ్రాసిన చోట, ఖాళీగా వదిలిన చోట సున్నా ఇస్తుంది. కామాతో వ్రాసిన 1,245ని 1గా చదువుతుంది. “సి.డి.బి.ఎల్.” అయితే “ఎన్.ఏ.” వద్ద 13వ సంఖ్య దోషంతో ఆగుతుంది. మొదటిది సౌకర్యంగా తోచినా రెండవదే నమ్మదగినది. వర్షమాపకం పని చేయని రోజును వాన లేని రోజుగా లెక్కిస్తే బెట్ట కాలం నిడివి పెరుగుతుంది. భారత వాతావరణ శాఖ నిర్వచనం ప్రకారం 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి వాన పడిన రోజు వర్షపు రోజు. నమోదు లేని రోజు వర్షపు రోజూ కాదు, పొడి రోజూ కాదు. దాన్ని విడిగా లెక్కించాలి.

తేదీలు: ఫైలులో రోజు, నెల, సంవత్సరం క్రమంలో వ్రాసిన తేదీని “సి-డేట్” ఫంక్షన్ ఆ కంప్యూటరు ప్రాంతీయ అమరికను బట్టి అర్థం చేసుకుంటుంది. అమెరికా అమరిక గల కంప్యూటరులో జూలై 3 అనేది మార్చి 7 అవుతుంది. జూలై 25 వద్ద 25వ నెల లేదు కనుక అది దోషం చూపకుండా జూలై 25గానే చదువుకుంటుంది. ఫలితంగా జూలై మొదటి 12 రోజులలో 7వ తేదీ తప్ప మిగిలినవి ఇతర నెలలకు చెదిరిపోతాయి. 13 నుండి 31 వరకు సరిగానే ఉంటాయి. సగం సరిగా ఉన్నందువల్లనే ఈ తప్పు కనిపించదు. తేదీని మూడు భాగాలుగా విడదీసి “డేట్‌సీరియల్” కు సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో ఇస్తే అమరికతో నిమిత్తం లేకుండా సరైన తేదీ వస్తుంది.

వరుస ముగింపు, అక్షర సంకేతం: లైనక్స్ వ్యవస్థలో తయారైన ఫైళ్లలో వరుస ముగింపు గుర్తు విండోస్ ఫైళ్లలోని గుర్తుకంటె భిన్నంగా ఉంటుంది. “లైన్ ఇన్‌పుట్” దాన్ని గుర్తించలేక ఫైలు మొత్తాన్ని ఒకే వరుసగా చదువుతుంది. మొదటి వరుసను శీర్షికగా వదిలివేసే మాక్రో అయితే ఏమీ చదవకుండానే పని ముగిసిందని చెబుతుంది. యు.టి.ఎఫ్.-8 సంకేతంలో ప్రతి తెలుగు యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు పడతాయి. “ఓపెన్” వాక్యంతో చదివితే గ్రామాల పేర్లు అర్థం లేని గుర్తులుగా మారతాయి. ఇటువంటి ఫైళ్లకు “ఏ.డి.ఓ.డి.బి. స్ట్రీమ్” ను వాడి అక్షర సంకేతాన్ని స్పష్టంగా పేర్కొనాలి.

ఎక్సెల్ చేసే మార్పులు: సి.ఎస్.వి. ఫైలును నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే 12/3 అనే సర్వే నంబరు తేదీగా మారుతుంది. 12ఇ5 వంటి నమూనా సంకేతంలోని ఇంగ్లీషు అక్షరం ఘాతాంకంగా భావింపబడి 12 లక్షల సంఖ్య వస్తుంది. జన్యువుల పేర్లు ఇదే విధంగా తేదీలుగా మారుతున్నందున, 2020లో మానవ జన్యు నామకరణ సంఘం సెప్ట్1, మార్చ్1 వంటి పేర్లనే మార్చవలసి వచ్చింది. అదే సంవత్సరం ఇంగ్లండులో పాత ఎక్సెల్ ఫార్మాటులో 65,536 వరుసలు మాత్రమే ఇమిడినందున 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కకు రాలేదు. ఫైలులో నిజంగా ఏమున్నదో తెలుసుకోవడానికి దాన్ని నోట్‌ప్యాడ్‌లో చూడాలి. ఎక్సెల్‌లో తెరచి భద్రపరచిన ఫైలును మూల ఫైలుగా పరిగణించరాదు.

“ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్” వాడకంలో ప్రమాదం

దోష సందేశాలతో విసిగినవారు మాక్రో మొదటిలో “ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్” అని చేర్చడం పరిపాటి. దీని అర్థం: తప్పు జరిగినా పట్టించుకోక తరువాతి వాక్యానికి వెళ్లు. కంపైల్ దోషాల మీద దీని ప్రభావం ఏమీ లేదు. అమలు దశలోని దోషాలను మాత్రం ఇది మూసివేస్తుంది. వర్షపాత విలువను సంఖ్యగా మార్చే వాక్యం ఒక వరుసలో విఫలమైతే, ఆ చలరాశిలో అంతకు ముందు రోజు విలువ అలాగే నిలిచి ఉంటుంది. ముందు రోజు 68 మిల్లీమీటర్ల వాన కురిసి ఉంటే, నమోదు లేని రోజుకు కూడా 68 మిల్లీమీటర్లు చేరుతుంది. రెండు రోజులలో 136 మిల్లీమీటర్ల వాన పడినట్లు పట్టిక చూపుతుంది. నేల తేమ సరిపోయినదని, తడి అవసరం లేదని ఆ పట్టికను చూసి సలహా ఇస్తే పంట బెట్టకు గురవుతుంది. కాబట్టి ఈ వాక్యాన్ని ఫైలు చదివే భాగంలో వాడరాదు. దోషం వచ్చిన వరుస సంఖ్యను, ఆ వరుసలోని పాఠాన్ని వేరొక షీటులో నమోదు చేసి, ఆ రోజును లోపించినదిగా గుర్తించే ఏర్పాటు చేసుకోవాలి.

సవరించిన తరువాత పరీక్ష

మాక్రోను సవరించిన ప్రతిసారి, ఫలితం ముందుగానే తెలిసిన చిన్న ఫైలుతో పరీక్షించాలి. 10 వరుసల పరీక్షా ఫైలు సరిపోతుంది. అందులో సాధారణ విలువలతో పాటు ఒక సున్నా, ఒక −99, ఒక ఖాళీ, ఒక “ఎన్.ఏ.”, 12వ తేదీకి లోపు ఒక రోజు, 12వ తేదీ దాటిన ఒక రోజు ఉండాలి. మొత్తం, సగటు, లోపించిన రోజుల సంఖ్య చేతితో లెక్కించి వ్రాసుకోవాలి. మాక్రో ఇచ్చిన ఫలితం వాటితో పూర్తిగా సరిపోయిన తరువాతనే అసలు ఫైలు మీద నడపాలి.

అసలు ఫైలు విషయంలో ఈ క్రింది క్రమాన్ని పాటించాలి.

1. మూల ఫైలును చదవడానికి మాత్రమే వీలయ్యే విధంగా భద్రపరచి, నకలు మీద పని చేయాలి.
2. నోట్‌ప్యాడ్‌లో మొదటి, చివరి ఐదేసి వరుసలు చూసి తేదీ క్రమాన్ని, లోపించిన విలువకు వాడిన అంకెను గుర్తించాలి.
3. “ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్” ఉన్నదని నిర్ధారించుకొని మాక్రో మొత్తాన్ని కంపైల్ చేయాలి.
4. “రిఫరెన్సెస్” జాబితాలో “మిస్సింగ్” ఏదైనా ఉన్నదేమో చూడాలి.
5. చదివిన వరుసల సంఖ్య సంవత్సరానికి 365 లేదా 366 చొప్పున సరిపోయినదీ లేనిదీ పరిశీలించాలి.
6. ప్రతి నిలువు వరుసకు కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూడాలి. −99 వంటివి ఇక్కడ పట్టుబడతాయి.
7. ఏదైనా ఒక నెల మొత్తాన్ని పరిశీలనా కేంద్రం రిజిస్టరుతో సరిపోల్చాలి.

దోషం స్వయంగా సవరించలేనపుడు ఇతరుల సహాయం కోరవలసి వస్తుంది. అప్పుడు “మాక్రో పని చేయడం లేదు” అన్న ఒక్క మాట వల్ల ప్రయోజనం లేదు. సందేశంలోని పదాలను యథాతథంగా, రంగు వేసి చూపిన వాక్యాన్ని, ఆఫీసు వెర్షన్‌ను, అది 32 బిట్లదా 64 బిట్లదా అన్న విషయాన్ని, నోట్‌ప్యాడ్‌లో కనిపించే మొదటి ఐదు వరుసలను కలిపి పంపితే కారణం త్వరగా తేలుతుంది.

విద్యార్థి సిద్ధాంత గ్రంథంతో పాటు తాను వ్రాసిన మాక్రోను కూడా విభాగానికి అప్పగించే సమయంలో, అది చదివే ఫైలు నమూనా, పరీక్షా ఫైలు, జతపరచిన లైబ్రరీల పేర్లు, లోపించిన విలువకు వాడిన సంకేతం ఒక పుటలో వ్రాసి జతచేయడం అవసరం. తరువాత వచ్చేవారు కంపైల్ దోషాన్ని చూసి దాన్ని దాటవేసే మార్గం వెదకకుండా, కారణాన్ని వెదకడానికి ఆ ఒక్క పుట ఆధారమవుతుంది. రైతుకు చేరే అంకె సరైనదని చెప్పగలగాలంటే, ఆ అంకె ఏ ఫైలులోని ఏ వరుస నుండి ఏ విధంగా వచ్చిందో శాస్త్రవేత్త చూపగలిగి ఉండాలి.